రెండు ప్రాసెసర్ల పాత వర్క్‌స్టేషన్‌లో ఓఎస్ ఎక్కట్లేదా? ఆగిరిపల్లిలో మేం పడ్డ పాట్లు ఇవీ

ఇన్‌స్టాలేషన్ 31 శాతం దగ్గర ఉంది. అప్పటిదాకా గోలగా తిరుగుతున్న ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎర్రర్ లేదు, బ్లూ స్క్రీన్ లేదు. మిషన్ మొత్తం ఆఫ్. గదిలో సీలింగ్ ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. అంటే కరెంట్ పోలేదు.

పక్కన కూర్చున్న తమ్ముడు నా మొహం చూశాడు. "అన్నయ్యా, వాపస్ ఇచ్చేద్దామా?"

వాడు మా బాబాయ్ కొడుకు. బీటెక్ సెకండియర్, సీఎస్ఈ. ఈ వేసవిలో మా తోటలో కాయ సరిగ్గా నిలవలేదు. అయినా నున్న మార్కెట్‌లో బంగినపల్లి అమ్మగా చేతికొచ్చిన డబ్బుల్లోంచి 17,000 తీసి బాబాయ్ వాడికి ఈ సెకండ్ హ్యాండ్ వర్క్‌స్టేషన్ కొనిపెట్టాడు. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, ఫోన్లో బేరమాడి తెప్పించుకున్నారు. "రెండు ప్రాసెసర్లు, 24 థ్రెడ్లు, 24 జీబీ ర్యామ్" అని అమ్మినాయన చెప్పాడట. ఏడు రోజుల్లోపు అయితే వాపస్ తీసుకుంటానన్నాడు. నేను పెళ్లికని సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి ఆగిరిపల్లి వచ్చేసరికి అందులో రెండు రోజులు అయిపోయాయి. మిగిలినవి ఐదు.

ఈ ఐదు రోజుల్లో నేను నేర్చుకున్నది ఒక్కటే. రెండు ప్రాసెసర్ల మిషన్‌ను ఒక కంప్యూటర్ అనుకుని రిపేర్ చేయకూడదు. రెండు సగాలు అనుకోవాలి. ముందు ఒక సగం బాగుందని తేల్చుకుని, ఆ తర్వాతే రెండో సగాన్ని కలపాలి. ఇలాంటి పాత మిషన్ మీ దగ్గర ఉన్నా, కొనాలనుకుంటున్నా ఇది మీకు పనికొస్తుంది.

ముందు ఒక క్లారిటీ: డ్యూయల్ కోర్ వేరు, డ్యూయల్ ప్రాసెసర్ వేరు

డ్యూయల్ కోర్ అంటే ఒకే చిప్‌లో రెండు కోర్లు. డ్యూయల్ ప్రాసెసర్ అంటే మదర్‌బోర్డు మీద రెండు సాకెట్లు, వాటిలో రెండు విడి చిప్‌లు, రెండు హీట్‌సింక్‌లు. ర్యామ్ స్లాట్లు కూడా రెండు గుంపులుగా ఉంటాయి. మా మిషన్‌లో ఉన్నవి ఇంటెల్ జియాన్ ఎక్స్5650 ప్రాసెసర్లు, 2010 నాటివి. ఒక్కోదానికి 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఒక్కోదాని టీడీపీ 95 వాట్లు. ఆ తరం ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ చిప్‌లోనే ఉంటుంది. అందుకే ఒక్కో ప్రాసెసర్‌కి దాని సొంత ర్యామ్ ఉంటుంది. మాకు చెరో మూడు 4 జీబీ స్టిక్‌లు, అంటే చెరో 12 జీబీ వచ్చాయి.

ఇది గుర్తు పెట్టుకోండి. రెండో ప్రాసెసర్ తీసేస్తే దానికి కట్టిన ర్యామ్ కూడా సిస్టమ్‌కి కనపడదు. అది ఫాల్ట్ కాదు.

ఏ ఓఎస్ వేయాలి?

అమ్మినాయన క్రాక్ చేసిన విండోస్ వేసి పంపాడు. దాన్ని ఉంచుకోకూడదని మొదటి రోజే అనుకున్నాం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఈ ప్రాసెసర్లు దాని సపోర్ట్ లిస్టులోనే లేవు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గానీ, రేపు ఏ అప్‌డేట్ వస్తే ఏమవుతుందో అన్న భయంతో చదువుకునే పిల్లాడు బతకక్కర్లేదు.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. విండోస్ హోమ్ ఎడిషన్ ఒకే సాకెట్‌ని వాడుతుంది. రెండు సాకెట్లు పని చేయాలంటే ప్రో ఎడిషన్ ఉండాలి. "రెండు ప్రాసెసర్లన్నాడు, టాస్క్ మేనేజర్‌లో ఆరు కోర్లే కనిపిస్తున్నాయి" అని ఎవరైనా తల పట్టుకుంటే, ముందు ఎడిషన్ ఏంటో చూడండి.

మేం లినక్స్ మింట్ 22 ఎంచుకున్నాం. అది ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

మొదటి అడ్డంకి: పెన్‌డ్రైవ్ కనపడలేదు

నా ల్యాప్‌టాప్ కోసం ఎప్పుడో చేసిపెట్టుకున్న పెన్‌డ్రైవ్ పెట్టాను. బూట్ మెనూలో పేరు కనిపిస్తోంది, నొక్కితే మాత్రం మళ్లీ మెనూకే వస్తోంది. కారణం సింపుల్. నేను దాన్ని యూఈఎఫ్ఐ కోసం చేశాను. ఈ మిషన్‌లో ఉన్నది పాత బయోస్. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, టార్గెట్ సిస్టమ్ బయోస్ అని పెట్టి మళ్లీ రాశాను. బూట్ అయింది.

దీనికి సంబంధించి రెండు జాగ్రత్తలు. పాత బయోస్ మిషన్‌లో అడాప్టర్ పెట్టి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేసినా, దాని నుంచి నేరుగా బూట్ అవుతుందని ఆశపడొద్దు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కొనుక్కోండి. అలాగే డిస్క్ గతంలో రెయిడ్‌లో వాడినదైతే, ఆ పాత గుర్తులు మిగిలిపోయి ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనపడకపోవచ్చు. అప్పుడు డిస్క్ పూర్తిగా తుడిచి, బయోస్‌లో సాటా మోడ్‌ని ఏహెచ్‌సీఐకి మార్చి మళ్లీ ప్రయత్నించాలి.

రెండో అడ్డంకి: నల్ల స్క్రీన్

మింట్ మెనూ వచ్చింది, ఎంటర్ కొట్టగానే స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోయింది. పాత గ్రాఫిక్స్ కార్డులతో ఇది కొత్తేం కాదు. మెనూలోనే కంపాటిబిలిటీ మోడ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. దాంట్లో వెళ్తే డెస్క్‌టాప్ వచ్చేసింది. బాబాయ్ వెనక నుంచి "హమ్మయ్య" అన్నాడు. నేనూ అదే అనుకున్నా.

మూడో అడ్డంకి: 31, 58, 12

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాం. 31 శాతం దగ్గర మిషన్ ఆఫ్. మళ్లీ ఆన్ చేసి మొదలుపెడితే 12 దగ్గరే ఆఫ్. రాత్రి పది తర్వాత ఇంకోసారి ప్రయత్నిస్తే 58 దాకా వెళ్లి ఆఫ్.

ఒకే చోట ఆగితే కారణం వెతకడం తేలిక. ఒక్కోసారి ఒక్కో చోట ఆగిందంటే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం కాస్త తగ్గించుకోవాలి. కానీ నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కదా, నాకు తెలిసిన చోటే వెతికాను. ఐఎస్ఓ ఫైల్ చెక్‌సమ్ సరిచూశాను, సరిపోయింది. పెన్‌డ్రైవ్ మార్చాను. ఎస్‌ఎస్‌డీ హెల్త్ చూశాను, బాగుంది. ర్యామ్ అనుమానంతో రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు, మిషన్ ఆగనూ లేదు.

బాబాయ్‌ది వేరే థియరీ. "ఒరేయ్, మోటార్లు వేసే టైమ్‌కి వోల్టేజ్ పడిపోద్ది. దాని వల్లే." తీసిపారేసే మాట కాదది. మా వైపు తోటల్లో బోర్లన్నీ ఒకేసారి ఆన్ అయితే ట్యూబ్‌లైట్ మసకబారడం అందరికీ తెలుసు. ఇన్వర్టర్ మీద పెట్టి చూశాం. అయినా ఆగింది, ఈసారి 22 దగ్గర. అలా రెండు రోజులు పోయాయి.

బయోస్‌లో ఎందుకు ఆగట్లేదు?

మూడో రోజు మధ్యాహ్నం తమ్ముడు ఒక మాట అన్నాడు. "అన్నయ్యా, నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు బయోస్ స్క్రీన్ అలాగే వదిలేశావు. గంటన్నర ఉంది. ఆగలేదు."

అక్కడ నాకు బుర్ర వెలిగింది. గంటన్నర బయోస్‌లో ఆగలేదు. రాత్రంతా మెమ్‌టెస్ట్‌లో ఆగలేదు. ఓఎస్ లోడ్ అయ్యాక మాత్రం పావుగంట కూడా ఉండట్లేదు. తేడా ఎక్కడుంది?

రెండు ప్రాసెసర్ల మిషన్ ఆన్ అయినప్పుడు, అందులో ఒక్క కోర్ మాత్రమే పనిలో ఉంటుంది. బయోస్ మెనూ నడిపేది అదే. మిగతా కోర్లూ, రెండో ప్రాసెసర్ మొత్తమూ పిలుపు కోసం ఎదురుచూస్తూ నిద్రలో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా లేపి పని అప్పజెప్పేది ఓఎస్ కెర్నెల్. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్న మెమ్‌టెస్ట్ పాత 5వ వెర్షన్. అది కూడా మామూలుగా ఒకే కోర్‌తో నడుస్తుంది. అంటే నేను రాత్రంతా చేసిన టెస్ట్‌లో రెండో ప్రాసెసర్ హాయిగా పడుకుంది. ర్యామ్ బాగుందని మాత్రమే తేలింది, మిషన్ బాగుందని కాదు.

ఇంకో క్లూ నా కళ్ల ముందే ఉంది, పట్టించుకోలేదు. మధ్యాహ్నం 12, 22, 31. రాత్రి 58. మే నెలలో మధ్యాహ్నం మా ఇంట్లో రేకుల వసారా గది ఎలా ఉడుకుతుందో చెప్పక్కర్లేదు. చల్లబడ్డాక ఎక్కువసేపు నడిచిందంటే వేడి మీద అనుమానం రావాలి కదా!

సగం మిషన్‌తో పరీక్ష

క్యాబినెట్ తెరవకుండానే సగం మిషన్‌ని ఆపే దారి లినక్స్‌లో ఉంది. బూట్ మెనూలో ఎడిట్ నొక్కి, కెర్నెల్ లైన్ చివర మ్యాక్స్‌సీపీయూస్ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టి, ఖాళీ లేకుండా ఈక్వల్ గుర్తు, 1 పెడితే కెర్నెల్ ఒక్క కోర్‌నే లేపుతుంది. మిగతావి నిద్రలోనే ఉంటాయి.

అలా బూట్ చేసి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాం. నత్తనడక. 31 దాటింది, 58 దాటింది. 41 నిమిషాలకి పూర్తయింది. అదీ మిట్టమధ్యాహ్నం.

కానీ సంబరపడటానికి లేదు. ఒక్క కోర్ నడిస్తే వేడీ తక్కువే, కరెంట్ వాడకమూ తక్కువే. పవర్ సప్లై బలహీనంగా ఉన్నా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఇప్పుడు ఉష్ణోగ్రత కొలవాలి. ఇన్‌స్టాల్ అయిన మింట్‌లో ఎల్ఎం-సెన్సార్స్ ప్యాకేజీ వేసి, ఈసారి మామూలుగా అన్ని కోర్లతో బూట్ చేశాను. సెన్సార్స్ కమాండ్ రెండు ప్రాసెసర్లకి రెండు విడి లిస్టులు చూపిస్తుంది. రెండు సెకన్లకోసారి చూస్తూ కూర్చున్నాం.

మొదటి ప్రాసెసర్: 47, 49, 50. రెండోది: 71, 79, 86, 93... ఆఫ్.

ప్రాసెసర్ మరీ వేడెక్కితే ముందు తన వేగం తగ్గించుకుంటుంది. అయినా వేడి తగ్గకపోతే, కాలిపోకుండా పవర్ ఆపేయమని బోర్డుకి సిగ్నల్ ఇస్తుంది. అందుకే ఎర్రర్ మెసేజ్ రాలేదు. మెసేజ్ రాసే టైమ్ కూడా ఓఎస్‌కి దొరకదు.

క్యాబినెట్ తెరిస్తే

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదిలి, సైడ్ ప్యానెల్ తీశాం. రెండో ప్రాసెసర్ హీట్‌సింక్‌ని వేలితో కదిపితే కదిలింది. అది కదలకూడదు. నాలుగు స్ప్రింగ్ స్క్రూల్లో ఒకటి పూర్తిగా వదులు, దాని పక్కది సగం వదులు. హీట్‌సింక్ ఓ పక్కకి ఒరిగింది. దారిలో పార్సిల్ కుదుపులకి జరిగిందో, ముందే సరిగ్గా బిగించలేదో చెప్పలేం. ఎత్తి చూస్తే కింద థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది.

బాబాయ్ వంగి చూసి, "ట్రేలో పై వరుస కాయ చూసి బేరమాడామన్నమాట. అడుగు వరుస ఎవడూ తీసి చూడలేదు" అన్నాడు. మామిడి వ్యాపారంలో ఆ తప్పు ఆయన ఎప్పుడూ చేయడు.

రిపేర్ ఇలా చేశాం:

1. విజయవాడ వెళ్లి థర్మల్ పేస్ట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకున్నాం. రెండూ కలిపి 400 లోపే అయ్యాయి.
2. రెండు ప్రాసెసర్ల మీదా పాత పేస్ట్ తుడిచేశాం. ఒకటి ఎండిపోతే రెండోది కూడా అదే వయసుది కదా.
3. మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ పెట్టి హీట్‌సింక్ నిటారుగా దించాం.
4. స్క్రూలు ఎదురెదురు మూలలుగా, ఒక్కోటి కొంచెం కొంచెంగా బిగించాం. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకి వెళ్తే మళ్లీ ఒరుగుతుంది.
5. ఫ్యాన్లలో దుమ్ము దులిపాం. రెండు ఫ్యాన్ల వైర్లూ బోర్డుకి గట్టిగా ఉన్నాయో లేదో చూశాం.
6. బయోస్‌లో టైమ్ తప్పు చూపిస్తుంటే సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేశాం.

మళ్లీ ఆన్ చేసి అన్ని కోర్లకీ ఫుల్ లోడ్ ఇచ్చాం. మొదటిది 66, రెండోది 68. గంట గడిచినా ఆగలేదు. ఎందుకైనా మంచిదని మింట్‌ని మొదటి నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. 41 నిమిషాల పని 14 నిమిషాల్లో అయింది. సిస్టమ్ వివరాల్లో సాకెట్లు 2, థ్రెడ్లు 24, ర్యామ్ 24 జీబీ అన్నీ కనిపించాయి. గడువుకి ఇంకా ఒక రోజు మిగిలింది.

ఓఎస్ ఎక్కింది. మరి పనికొస్తుందా?

వాపస్ ఇవ్వాలా, ఉంచుకోవాలా అన్నది ఇక్కడే తేలాలి. తమ్ముడికి కావాల్సినవి ఒక్కోటీ వేసి చూశాం. వీఎస్ కోడ్, జావా, డాకర్ బాగానే నడిచాయి. ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ పెడితే 24 థ్రెడ్లూ కదిలాయి.

తర్వాత టెన్సర్‌ఫ్లో వేశాడు. ఇంపోర్ట్ దగ్గరే ప్రోగ్రామ్ పడిపోయింది. ఇది రిపేర్‌తో పోయే సమస్య కాదు. ఎక్స్5650లో ఏవీఎక్స్ ఇన్‌స్ట్రక్షన్లు లేవు. ఇంటెల్ వాటిని తర్వాతి తరం, 2011 నాటి శాండీ బ్రిడ్జ్‌తో తెచ్చింది. టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీలకి 2018లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచే ఏవీఎక్స్ తప్పనిసరి. మోంగోడీబీ కూడా 5.0 నుంచి అంతే. 24 కాదు, 48 థ్రెడ్లున్నా ఏవీఎక్స్ లేకపోతే ఇవి నడవవు. కోర్ల లెక్క చూసి కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

కరెంట్ సంగతి కూడా చెప్పాలి. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడే దాదాపు 140 వాట్లు లాగుతోంది. రోజుకి 8 గంటల లెక్కన నెలకి 34 యూనిట్ల దాకా అవుతుంది. ఖాళీగా ఉంటేనే ఇంత!

కొనేముందు ఇవి చూడండి

* ప్రాసెసర్ మోడల్ నంబర్ అడగండి. ఎక్స్56 తరం అయితే ఏవీఎక్స్ ఉండదు. ఈ5 అని మొదలై చివర వీ3 లేదా వీ4 ఉన్నవాటిలో ఏవీఎక్స్2 కూడా ఉంటుంది.
* రెండు ప్రాసెసర్లూ ఒకే మోడల్ అని ఫొటోతో నిర్ధారించుకోండి.
* అమ్మేవాళ్లని వీడియో అడగండి. ఓఎస్ లోపల అరగంట ఫుల్ లోడ్, రెండు ప్రాసెసర్ల ఉష్ణోగ్రతలూ కనపడాలి. బయోస్ స్క్రీన్ ఫొటో దేనికీ రుజువు కాదు.
* ర్యామ్ రకం చూడండి. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్‌నీ, మామూలు ర్యామ్‌నీ కలిపి వేయకూడదు.
* ఈ5 తరం బోర్డుల్లో కొన్ని పీసీఐ స్లాట్లు రెండో ప్రాసెసర్‌కే కట్టి ఉంటాయి. అది తీసేస్తే ఆ స్లాట్లు పని చేయవు.
* దూరం నుంచి పార్సిల్‌లో వచ్చిన మిషన్‌ని ఆన్ చేసే ముందే తెరిచి హీట్‌సింక్‌లు కదుల్తున్నాయేమో చూడండి. ఐదు నిమిషాల పని. మాకు మూడు రోజులు తిన్నది ఇదే.

మా ఫైనల్ మాట

చివరి రోజు పొద్దున్న బాబాయ్ నేరుగానే అడిగాడు. "సరే, నిజం చెప్పు. పదిహేడు వేలు పెట్టొచ్చా దీనికి?"

పెట్టకూడదనే చెప్పాను. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే ఎనిమిదో తరం కోర్ ఐ5తో, ఒకే ప్రాసెసర్ ఉన్న రిఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్‌లు వెతుక్కోవచ్చు. కోర్లు తక్కువే, కానీ ఒక్కో కోర్ వేగం ఎక్కువ. ఏవీఎక్స్2 ఉంటుంది, విండోస్ 11 కూడా అధికారికంగా ఎక్కుతుంది, కరెంట్ తక్కువ తింటుంది. సెకండియర్ కుర్రాడికి అదే నయం.

బాబాయ్ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "నువ్వేమంటావురా?" అన్నాడు.

వాడు వాపస్ వద్దన్నాడు. మెషిన్ లెర్నింగ్ పనులు గూగుల్ కోలాబ్‌లో చేసుకుంటాడట, మిగతావన్నీ దీంట్లోనే. "లోపల ఏముందో ఇప్పుడు మొత్తం తెలుసు అన్నయ్యా. కొత్తది కొంటే దాన్ని తెరవనిస్తారా నన్ను?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. నాలుగేళ్ల బీటెక్‌లో నేను ఒక్క ప్రాసెసర్‌నీ చేత్తో పట్టుకోలేదు. వాడు రెండు పట్టుకున్నాడు.

కాబట్టి రెండు మాటలు. కొత్తగా కొనబోతుంటే ఎక్స్56 తరం జోలికి పోకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే పాత ఇనుము కింద అమ్మేయకండి, ముందు సగం మిషన్‌తో బూట్ చేసి చూడండి. సెన్సార్ లిస్టులో రెండో వరుస చూడటం మాత్రం మర్చిపోకండి.